జనవరి ఒకటిన రాసుకున్న మూడు లక్ష్యాలు, వాటిలో ఒకటి మారథాన్: ఎలా సర్దుకోవాలి?

పటమట_ఉదయం (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకు శాఖలో అధికారిణిగా పనిచేస్తున్నాను. మూడేళ్ల క్రితం నడకతో మొదలుపెట్టి, నిరుడు ఆగస్టులో హైదరాబాదు ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాల మీద హాఫ్ మారథాన్‌ను రెండు గంటల నలభై నిమిషాలలో పూర్తిచేశాను. ఆ ధైర్యంతో ఈ జనవరి ఒకటిన డైరీలో మూడు లక్ష్యాలు రాసుకున్నాను. వచ్చే జనవరి మూడో ఆదివారం ముంబయిలో పూర్తి మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, మొదటిది. పదోన్నతికి పనికివచ్చే సీఏఐఐబీ పరీక్ష రెండోది. మార్చిలో పదో తరగతి పరీక్షలు రాయబోయే మా అమ్మాయితో ప్రతి సాయంత్రం ఒక గంట లెక్కలు చేయించడం మూడోది.

ఇప్పటికి మూడు వారాలయింది. నిరుడు వారానికి మూడు రోజులు, మొత్తం ఇరవై కిలోమీటర్లకు మించకుండా పరుగెత్తేదాన్ని. ఇప్పుడు 4:15కే లేచి, ఆరు రోజులు, నలభై అయిదు కిలోమీటర్ల దాకా వెళుతున్నాను. మావారి ఉద్యోగం గుంటూరులో. ఉదయం ఏడున్నరకు బయలుదేరితే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి చేరరు. అత్తగారికి షుగరు ఉంది కాబట్టి ఆవిడ టిఫిను వేళ తప్పకూడదు. రాత్రి పరీక్షకు చదివి పడుకునేసరికి పదకొండు దాటుతోంది. పది రోజులుగా రెండు కాళ్లలోనూ మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి. పోయిన గురువారం అమ్మాయి లెక్క అడుగుతూ ఉండగానే నేను నిద్రలోకి జారిపోయానట. అది పుస్తకం మెల్లగా మూసి, నన్ను లేపకుండా వెళ్లిపోయిందట. ఆ సంగతి మరునాడు అత్తగారు చెబితే గానీ నాకు తెలియలేదు.

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు చూసుకుంటూ పూర్తి మారథాన్ చేసినవారు దయచేసి చెప్పండి: మీరు రోజును, సంవత్సరాన్ని ఎలా అమర్చుకున్నారు? ఈ మూడింటిలో ఒకటి వదులుకోక తప్పదా? పరుగు మానేయమని ఇంట్లో ఎవరూ అనలేదు, కానీ వదలవలసి వస్తే అదేనేమో అని నాకే అనిపిస్తోంది.

బ్రాడీపేట_పెద్దాయన (గుంటూరు)

అమ్మా, నేనూ బ్యాంకులోనే ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నలభై ఆరో ఏట పరుగు మొదలుపెట్టి ఆరు పూర్తి మారథాన్లు చేశాను, వాటిలో నాలుగు సర్వీసులో ఉండగానే. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏదీ వదులుకోనక్కరలేదు. మూడింటినీ ఒకే రోజున మొదలుపెట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

మారథాన్ సాధనను పరుగు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. హాఫ్ చేసినవారికి పదహారు నుంచి పద్దెనిమిది వారాల సాధన సరిపోతుంది. వచ్చే జనవరి మూడో ఆదివారం నుంచి పద్దెనిమిది వారాలు వెనక్కి వెళితే సెప్టెంబరు రెండో వారం దగ్గర ఆగుతారు. ఈ జనవరిలో చల్లగా ఉంది కదా అని నలభై అయిదు కిలోమీటర్లు పరుగెత్తి సంపాదించుకునే దమ్ము, మార్చి నెలాఖరు పనికీ, ఏప్రిల్, మే ఎండలకూ సగం కరిగిపోతుంది. చల్లని దేశాలవారు వసంతంలో మొదలుపెట్టి ఎండాకాలమంతా సాధన చేస్తారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లం దానికి తలకిందులుగా సంవత్సరాన్ని చూసుకోవాలి.

కాబట్టి ఇప్పటి నుంచి మార్చి 31 దాకా మీ పని ఒక్కటే: పరుగు అలవాటు తెగిపోకుండా చూసుకోవడం. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా. ఇయర్ ఎండింగ్ వారంలో అదీ కుదరకపోతే రెండు రోజులు చాలు, దాని గురించి బాధపడవద్దు. ఈ రెండు నెలలు సాయంత్రాలు పూర్తిగా అమ్మాయివి. అమ్మాయి పరీక్షలు అయ్యాక ఆ గంట మీకు తిరిగి వస్తుంది, దాన్ని సీఏఐఐబీకి ఇచ్చుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీ ప్రధాన లక్ష్యం ఆ పరీక్షే. పరుగు అప్పుడు కూడా ఉంటుంది గానీ కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు చూసుకోండి. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా 28 డిగ్రీలు ఉంటుంది, కిలోమీటరుకు అర నిమిషం, ఒక్కోసారి నిమిషం ఎక్కువ పట్టడం సహజం. ఎండకు శరీరం అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు మరీ జాగ్రత్త. ఆరుంబావుకల్లా ఇంట్లో ఉండాలి. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోతలోనే పెద్ద పరుగును మెల్లగా పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లకు తెచ్చుకుంటే, సెప్టెంబరు నాటికి మీరు సిద్ధం.

ఇప్పుడు మనకు మాత్రమే ఉన్న ఒక సౌకర్యం చెబుతాను. బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. నేను పెద్ద పరుగులన్నీ ఆ రెండు శనివారాలకే పెట్టుకున్నాను. వారం వారం పెద్ద పరుగు ఉండాలని అనుకుంటారు గానీ, నలభై దాటుతున్న కాళ్లకు రెండు వారాలకొకసారి ఉంటేనే బాగా కోలుకునే వ్యవధి దొరికిందని నా అనుభవం. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి శనివారాలు ఎనిమిది. వాటికి వరుసగా 16, 18, 21, 24, 26, 28, 30, 32 కిలోమీటర్లు వేసుకోండి. మధ్య వారాల్లో ఆదివారం పన్నెండు చాలు. చివరి ముప్పై రెండు డిసెంబరు నాలుగో శనివారం పడుతుంది, అక్కడి నుంచి పరుగు రోజుకు దాదాపు మూడు వారాలు. ఆ మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి. పెద్ద పరుగు శనివారమే అయిపోతే ఆ మరునాటి ఆదివారం మొత్తం ఇంటివాళ్లది. నా భార్య నా పరుగును మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఈ మార్పు తరువాతే.

ఒక హెచ్చరిక. ఆ తగ్గించే మూడు వారాల్లోనే సంక్రాంతి వస్తుంది. పుట్టింటి ప్రయాణాలు, అరిసెలు, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు, ఆ వెంటనే ముంబయి రైలు. పండుగ తరువాత టికెట్లు దొరకడం కష్టం. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి నవంబరు మధ్యలో ఆ తేదీ రాసిపెట్టుకోండి. విజయవాడ మీదుగా వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో నేను రెండుసార్లు వెళ్లాను. పరుగుకు కనీసం ఒక పూర్తి రోజు ముందు అక్కడ ఉండేలా చూసుకోవాలి.

లక్ష్మీపురం_ఫిజియో (గుంటూరు)

మేడమ్, పెద్దాయన గారి ప్రణాళిక బాగుంది. అయితే దానికి ముందు మీ కాళ్ల సంగతి చూడాలి.

ఇరవై నుంచి నలభై అయిదు కిలోమీటర్లకు మూడు వారాల్లో వెళ్లారు. గుండె, ఊపిరితిత్తులు ఆ పెరుగుదలకు త్వరగా సర్దుకుంటాయి. ఎముకకు, ఎముకను అంటిపెట్టుకున్న కండర బంధాలకు నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం, ఈ లోపల ముంగాలి ఎముక మీద భారం పేరుకుంటూ ఉంటుంది. నొప్పి ఎముక లోపలి అంచు వెంట బెత్తెడు మేర పరచుకుని, పరుగు మొదట్లో ఉండి తరువాత తగ్గుతుంటే అది సాధారణంగా పది, పదిహేను రోజులు పరుగు ఆపితే నెమ్మదించే నొప్పి. అలా కాకుండా ఒక్క వేలితో చూపించగలిగినంత ఒకేచోట ఉండి, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతూ, ఒంటికాలి మీద గెంతితే గుచ్చినట్టు ఉంటే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరును కలవండి. తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఎక్స్‌రే బాగుందని చెప్పి మళ్లీ పరుగెత్తినవారిని నేను చూశాను, వారిలో ఒకరు నాలుగు నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

రెండో మాట నిద్ర. అయిదు గంటల నిద్రతో ఎముక కోలుకోదు, జ్ఞాపకశక్తి కూడా నిలవదు. ఏడు గంటలు కుదరని రోజున పరుగు మానేసి పడుకోండి. హిమోగ్లోబిన్, విటమిన్ డి, శాకాహారులైతే బి12 కూడా ఒకసారి పరీక్ష చేయించండి. నెలసరి క్రమం తప్పితే దాన్ని పని ఒత్తిడి ఖాతాలో వేయకండి, చేసే శ్రమకు తగినంత తిండి లేదని శరీరం చెప్పే గుర్తు అది కావచ్చు. ఇక రోజుకు పది నిమిషాలు, వంటింట్లో స్టవ్ ముందు నిలబడి కూడా చేయగలిగిన వ్యాయామం ఒకటి: మడమలు ఎత్తి దించడం, రెండు కాళ్లతో మొదలుపెట్టి నొప్పి పూర్తిగా పోయాక ఒంటికాలితో. పిక్క బలపడితే ముంగాలి మీద భారం తగ్గుతుంది.

సింగ్‌నగర్_వాసి (విజయవాడ)

అక్కా, నేను మీకంటే చిన్నవాణ్ని, ఆటోనగర్‌లో వర్క్‌షాపులో పని. పెద్దాయన గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, సంవత్సరం మొత్తాన్ని అంత కచ్చితంగా గీసుకోవడం గురించి నా అనుభవం చెప్పాలి.

2024 జనవరిలో నేనూ మీలాగే రాసుకున్నాను. ఆ డిసెంబరులో పూర్తి మారథాన్ చేయాలని ఆగస్టు నుంచి సాధన మొదలుపెట్టాను, నాలుగు వారాలు ఒక్క రోజు తప్పలేదు. సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. మాది కింది అంతస్తు. పిల్లలను, అమ్మను పడవలో బయటికి తెచ్చి, గుడివాడలో అత్తగారింట్లో పది రోజులు ఉన్నాం. తిరిగి వచ్చాక బురద కడగడం, ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు మళ్లీ కొనడం, వీటితోనే నెల గడిచిపోయింది. గోడకు అంటించుకున్న సాధన పట్టిక నీళ్లలో పోయింది. పోయిన వారాలన్నిటినీ కలిపి వెనకేసుకురావాలని అక్టోబరులో ఒక్కసారిగా ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి తుంటి పట్టించుకున్నాను. ఆ తప్పు చేయకండి. నెల ఆగితే, ఆగిన చోట నుంచి కాకుండా అందులో సగం నుంచి మొదలుపెట్టాలి. చివరికి ఆ ఏడాది హాఫ్‌కే పరిమితమై, పూర్తి మారథాన్ మరుసటి ఏడాది చేశాను. అది తక్కువ పని అని నాకు ఇప్పుడు అనిపించదు. అందుకే ఎనిమిది శనివారాల్లో రెండు తప్పిపోతాయని ముందే అనుకుని లెక్క వేసుకోండి. ముప్పై రెండు కుదరక ఇరవై ఎనిమిదితోనే వెళ్లినవారు కూడా గమ్యం చేరారు.

తెల్లవారుజామున లేవడం గురించి కూడా ఒక మాట. నేను వారానికి రెండు రోజులు బండి ఇంట్లో వదిలి బస్సులో పనికి వెళ్లి, సాయంత్రం పరుగెత్తుకుంటూ ఇంటికి వస్తాను, ఏడెనిమిది కిలోమీటర్లు. ఎలాగూ ప్రయాణానికి పోయే సమయంలోనే సాధన అయిపోతుంది. బ్యాంకు నుంచి మీకు ఇది కుదరకపోవచ్చు. కానీ అమ్మాయి ట్యూషన్‌లో ఉండే సమయమో, మరొకటో, నిద్రను కోయకుండా దొరికే అరగంట ఏదైనా ఉందేమో చూడండి.

పటమట_ఉదయం (విజయవాడ)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి మీ జవాబులు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఫిజియో గారు చెప్పినట్టు చూసుకుంటే నా నొప్పి పరచుకున్నట్టుగానే ఉంది, గెంతితే గుచ్చడం లేదు. అయినా పదిహేను రోజులు పరుగు పూర్తిగా ఆపాను, రక్తపరీక్షకు ఇచ్చాను. డైరీలో ఆ పేజీని కొట్టివేయలేదు, మూడింటి పక్కన నెలలు రాసుకున్నాను. ఇవాళ 5:45 దాకా పడుకున్నాను. అత్తగారు పెద్ద పరుగులున్న శనివారాల్లో తన టిఫిను తానే చేసుకుంటానని, దానికి బదులు ఆదివారం పెసరట్లు నేను వేయాలని ఒప్పందం పెట్టారు.

పెద్దాయన గారూ, ఇంకొక్క సందేహం. సెప్టెంబరు తరువాత పెద్ద పరుగులు 4:30కి మొదలుపెట్టవలసి వస్తుంది. మా వైపు సందుల్లో ఆ వేళ వీధి కుక్కలు గుంపుగా ఉంటాయి, ఒంటరిగా చీకట్లో వెళ్లడానికి మావారు కూడా జంకుతున్నారు. ఎక్కడ పరుగెత్తడం మంచిది?

బ్రాడీపేట_పెద్దాయన (గుంటూరు)

మీవారి జంకు సరైనదే అమ్మా, ఒంటరిగా వెళ్లకండి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, అంటే వెళ్లి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. దీపాలు ఉంటాయి, తెల్లవారేసరికి నడిచేవాళ్లు కూడా ఉంటారు. వెలుగు వచ్చేదాకా అక్కడే నాలుగైదు రౌండ్లు వేసి, ఆ తరువాత సీతానగరం మీదుగా ఉండవల్లి వైపు కరకట్ట రోడ్డు పట్టండి. నీళ్లసీసా, ఓఆర్ఎస్, రెండు చక్కెరకేళీలు బండిలో పెట్టుకుని మీవారిని బ్యారేజీ చివర కూర్చోబెడితే రౌండుకొకసారి మీరు కనిపిస్తారు, ఆయనకూ ధైర్యంగా ఉంటుంది. పరుగు మధ్యలో తినడం ఆ శనివారాల్లోనే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ఒంట్లో నిలవ ఉన్న శక్తి చాలామందికి ముప్పై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. ఒట్టి మంచినీళ్లే అదేపనిగా తాగవద్దు, ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. దసరా రోజుల్లో మాత్రం కొండకు వచ్చే భక్తులతో బ్యారేజీ నిండిపోతుంది, ఆ రెండు వారాల్లో వచ్చే శనివారం పరుగును మంగళగిరి వైపు మార్చుకోండి. నేను గుంటూరు నుంచి నెలకొకసారి ఆ వైపు వస్తుంటాను. మీ మొదటి పదహారు కిలోమీటర్ల శనివారం ఎప్పుడో ఇక్కడ రాస్తే నేనూ, మా ఆవిడా వస్తాం.