సిమ్లా బీట్ బ్యాండ్లు: మనం మర్చిపోయామా, మర్చిపోదగ్గవేనా?

ఆబిడ్స్ ఆదివారం:
ఈ మధ్య ఎవర్ని కదిపినా "సిమ్లా బీట్ విన్నావా, అబ్బ, ఏం సైకడెలిక్ రాక్, అన్యాయంగా మర్చిపోయాం" అంటున్నారు. తెలియనివాళ్ళకి: సైకడెలిక్ అంటే మత్తులో తేలుతున్నట్టుండే రాక్ సంగీతం, సిమ్లా అనేది సిగరెట్ బ్రాండ్. ఆ కంపెనీ కుర్ర బ్యాండ్లకి పోటీలు పెట్టి 1970లో ఒకటి, 71లో ఒకటి ఎల్పీ రికార్డులు వేసింది. రెండూ విన్నా. తిట్టుకోకండి గానీ నాకు జిరాక్స్ వాసనే కొట్టింది. అందులో డైనోసార్స్ అనే బ్యాండ్ వాయించింది ఏకంగా అమెరికా బ్యాండ్ క్రీడెన్స్ పాట. పైగా అంతా ఇంగ్లీషు. అదే కలకత్తాలో మొహీనేర్ ఘోరాగులి అనే బ్యాండ్ 1977లో బెంగాలీలో మొదటి రికార్డు వేస్తే అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేకపోయినా తర్వాతి తరం వెతుక్కుని మరీ పాడుకుంది. జనం భాషలో పాడనివాణ్ణి జనం మర్చిపోతే తప్పెవరిది?

ఫజ్ పెడల్:
అన్నా, ఆ సిమ్లా రికార్డుల్లోనే ఉన్న గ్రేట్ బేర్ వాళ్ళ 'మిస్ట్' విన్నావా? షిల్లాంగ్ ఫెంటోన్స్? కన్‌ఫ్యూజన్స్ వాళ్ళ 'వాయిస్ ఫ్రమ్ ది ఇన్నర్ సోల్'? అవి ఎవరి జిరాక్స్‌లో చెప్పు మరి. ఒక్క డైనోసార్స్‌ని పట్టుకుని అందర్నీ కొట్టేస్తే ఎలా? భాష అంటావా, జాంబియా చూడు. అక్కడ విచ్ అనే బ్యాండ్ డెబ్బైల్లో ఎక్కువగా ఇంగ్లీషులోనే పాడింది, ఇవాళ జామ్‌రాక్ (ఆ జాంబియా రాక్) అంటే రికార్డులు సేకరించేవాళ్ళు ప్రాణం పెడతారు. అక్కడి అధ్యక్షుడు కౌండా ప్రభుత్వం రేడియోలో నూటికి 95 వంతులు సొంత దేశపు సంగీతమే రావాలని హుకుం జారీ చేసింది కాబట్టి ఆ బ్యాండ్లు ఊరూరా వినపడ్డాయి. ఇక్కడ మన రేడియో ఏం చేసింది?

మారేడుపల్లి:
మన రేడియో సంగతి అడక్కు బాబూ. 1952లో కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటనే దాదాపు మూసేశారు. జనమంతా రేడియో సిలోన్‌కి తిప్పుకున్నాక, 1957లో గానీ వివిధ భారతి రాలేదు. సినిమా పాటకే ఆ గతి పట్టించినవాళ్ళు జుట్టు పెంచిన కుర్రాళ్ళ గిటార్‌ని వేస్తారా? 1969లో ఢిల్లీలో ఆకాశవాణి కుర్రకారు కోసం పెట్టిన యువవాణి మొదలయ్యాక కాస్త సందు దొరికింది, అదీ కాస్తే.

ఇంకో మాట. మా బాబాయి డెబ్బైల్లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో శనివారాలు బేస్ గిటార్ వాయించేవాడు. వాళ్ళ దగ్గర సొంత పాటలు మూడో నాలుగో ఉండేవట. అవి మొదలెట్టగానే డాన్స్ చేసేవాళ్ళంతా కబాబ్‌ల టేబుల్ దగ్గరికి నడిచేవాళ్ళు. బీటిల్స్ పాట ఎత్తుకుంటే మళ్ళీ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. చివరికి మేనేజర్ పిలిచి "అవి ఇంట్లో వాయించుకోండి" అన్నాడట. ఒక్కటీ రికార్డు కాలేదు. జిరాక్స్ కొట్టించింది ఎవరంటావు?

ఆబిడ్స్ ఆదివారం:
కబాబ్‌ల దెబ్బకి నా దగ్గర జవాబు లేదండీ. కానీ అటామిక్ ఫారెస్ట్? బాంబే బ్యాండ్, ఎల్పీ మొత్తం వాళ్ళదే, 'అబ్సెషన్ 77'. అందులోనూ కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు, ఉన్నాయిగా!

ఫజ్ పెడల్:
ఉన్నాయి. ఆ రికార్డు బ్యాండ్ విడిపోయాక బయటికొచ్చిందని కూడా చెప్పు. ఊరూరా తిరిగి వాయించి అమ్ముకోవడానికి మనుషులే లేరు. 2011లో అమెరికా నుంచి నౌ-అగైన్ లేబుల్ మళ్ళీ వేస్తే గానీ మనకి పేరు తెలియలేదు. నేను విన్నది కూడా ఆ కాపీయే, ఇందులో నాకు సిగ్గు ఉంది.

కోఠి బస్టాప్:
ఇంతకీ తెలుగులో ఎందుకు రాలేదో ఎవరైనా చెప్తారా?

మారేడుపల్లి:
మన సినిమా క్లబ్ పాటల్లో గిటార్ మోత కావలసినంత దొరికేది నాయనా, ఇంకో దుకాణం ఎవరు పెడతారు.

ఆబిడ్స్ ఆదివారం:
సరే, భాష గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. డైనోసార్స్ విషయంలో మాత్రం తగ్గను. 'మిస్ట్' ఈ రాత్రి ఇంకోసారి విని రేపు వచ్చి చెప్తా.