మూవింగ్ యావరేజ్ ట్రెండును పట్టిస్తుందా, ట్రెండు వెళ్లిపోయాక చెబుతుందా?

కావలి మదుపరి:
ఒక షేరు గత 20 రోజుల ముగింపు ధరల సగటు (మూవింగ్ యావరేజ్) 50 రోజుల సగటును కింది నుంచి దాటితే కొనండి, పైనుంచి జారితే అమ్మండి అని ఒక శిక్షణ తరగతిలో నేర్పారు. పది నెలల్లో ఒకే షేరును అలా మూడుసార్లు కొన్నాను. మూడుసార్లూ వారం పది రోజుల్లోనే ధర వెనక్కి తిరిగింది. బస్సు వెళ్లిపోయాక స్టేజీలో నిలబడి చెయ్యి ఎత్తినట్టుంది ఈ పద్ధతి. దీన్ని ఇంకా ఎందుకు నేర్పుతున్నారు?

ఒంగోలు పింఛనుదారు:
మీ నష్టం నిజం, కానీ తప్పు పనిముట్టుది కాదు. 200 రోజుల ముగింపు ధరలను కూడి 200తో భాగిస్తే వచ్చే అంకె దాదాపు వంద రోజుల వెనకటి మార్కెట్‌ను చూపిస్తుంది. 20 రోజులదైతే పది రోజుల వెనకటిది. ఎక్స్‌పొనెన్షియల్ రకంలో తాజా ధరకు బరువు ఎక్కువ; రోజువారీ సగటులను కలిపి గీసే 20 రోజుల గీతలో నేటి ధర వాటా తొమ్మిదిన్నర శాతం. మలుపు త్వరగా కనిపిస్తుంది, దాంతోపాటు తప్పుడు సంకేతాలూ పెరుగుతాయి.

నాకు నమ్మకం కుదిరింది 2020లో. ఫిబ్రవరి 28న నిఫ్టీ సూచీ తన 200 రోజుల సగటు కింద, 11,201 దగ్గర ముగిసింది. నేను అమ్మేశాను. మార్చి 23న అది 7,610. జులైలో సూచీ మళ్లీ ఆ సగటును దాటి పైకి వచ్చాక, 11,000 దగ్గర తిరిగి కొన్నాను. అమ్మిన ధరకూ కొన్న ధరకూ పెద్ద తేడా లేదు, లాభమేమీ మిగల్లేదు. కానీ పింఛను తప్ప మరో ఆధారం లేని నేను, పొదుపులో మూడో వంతు కళ్లముందే కరిగిపోతుంటే అట్టడుగున అమ్మేసేవాణ్ణి. ఆ పొరపాటు నుంచి నన్ను కాపాడింది ఆ గీతే.

నెల్లూరు ఆక్వా:
అయ్యా, సూచీకి సరిపోయింది ఒక్కొక్క షేరుకూ సరిపోదు. 2025 ఏప్రిల్ ఆరంభంలో అమెరికా సుంకాలు ప్రకటించగానే రొయ్యల ఎగుమతి కంపెనీల షేర్లు ఒక్కసారిగా పడిపోయాయి. 9వ తేదీన 90 రోజుల వాయిదా ప్రకటించారు, మళ్లీ లేచాయి. చెరువు గట్టు మీద ఉన్న మాకు రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్క) ధర ఎటు పోతుందో ఫోన్లోనే తెలిసిపోయింది. 50 రోజుల గీత ఆ వారమంతా దాదాపు కదలలేదు. కబురుతో నడిచే షేరును పాత ధరలతో ఎలా కొలుస్తారు?

టంగుటూరు రైతు:
వేలం కేంద్రంలో సగటు ధర చూసుకునే మేం పొగాకు బేళ్లు తీసుకెళతాం. అమ్మేది మాత్రం ఆ రోజు పాడిన ధరకే. సగటు చూడడం తప్పు కాదు, అదే ధర వస్తుందనుకోవడమే తప్పు.

కావలి మదుపరి:
ఒంగోలు పెద్దాయన గారూ, నా షేరు ఆ పది నెలలూ ఒకే పరిధిలో ఊగిందని ఇప్పుడు గీత చూస్తే తెలుస్తోంది. అప్పుడు ఎలా తెలియాలి? నష్టానికి తోడు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున లావాదేవీ పన్ను కట్టాను. గెలిచినా 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక లాభంపై 20 శాతం పన్ను. తప్పుడు సంకేతం ఉచితంగా రాదండీ.

ఒంగోలు పింఛనుదారు:
ముందే తెలియదు. నేను చేసేదల్లా 200 రోజుల గీత వాలు చూడడమే. అది బల్లపరుపుగా ఉన్నంతకాలం చిన్న సగటులు ఎన్నిసార్లు దాటినా పట్టించుకోను. కొత్త ట్రెండులో తొలి భాగం ఎప్పుడూ చేజారుతుంది. ఆ నష్టానికి ఒప్పుకునే ఇందులోకి దిగాను. ఆక్వా సోదరుని మాట నూరుపాళ్లూ నిజం. అలాంటి షేర్ల జోలికి నేను ఈ గీత పట్టుకుని వెళ్లను.

కావలి మదుపరి:
ఇప్పుడే సరిచూశాను. మీ లెక్కన నా మూడు కొనుగోళ్లలో రెండు జరిగేవి కావు. మూడోది మాత్రం జరిగేది, అప్పుడు 200 రోజుల గీత పైకే వాలి ఉంది, అయినా నష్టపోయాను. 20కి బదులు 17, 50కి బదులు 43 పెడితే మూడూ లాభాల్లోకి వస్తున్నాయి. జరిగిపోయిన ధరలకు నప్పేలా అంకెలు మార్చుకుంటే ఏ పద్ధతైనా గెలిచినట్టే కనిపిస్తుంది కదా, అదే నాకు భయం వేస్తోంది.