హనుమకొండ నుంచి ఆదివారం విహారం: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో చెరువు చూడడం ఎలా?

అమ్మకు 71 ఏళ్లు, పాపకు 8. వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్ తోరణాలు చూసేశాం. ఇక మిగిలింది రామప్ప గుడి, దానితో పాటు ఒక చెరువు. గత నెలలో రెండుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాం.

మొదటిసారి ఉదయం 10కి కారులో బయలుదేరాం. దాదాపు 70 కిలోమీటర్లు. గుడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెప్పులు విడిచాక రాతి నేల కాలిపోతుంటే అమ్మ పది అడుగులు కూడా వేయలేకపోయింది. 1213 నాటి ఆ శిల్పాలను, ముఖ్యంగా మదనికలను (గుడి చూరు కింద ఉండే స్త్రీ మూర్తులను) దగ్గరగా చూడాలని ఆమె ఎన్నాళ్లుగానో ఆశపడుతోంది. రెండోసారి ముందు లక్నవరం చెరువుకు వెళ్లాం. ఊగే వంతెన మీద పాప గంతులు వేసింది, అమ్మ మాత్రం అడుగు పెట్టలేక ఒడ్డునే ఉండిపోయింది. అలా కూర్చోబెట్టి వెళ్లడం నాకు చాలా బాధ కలిగించింది.

ఈసారి ఉదయం 6కే బయలుదేరి, ఎండ ముదరకముందే గుడి చూసి, 10 గంటలకల్లా పక్కనే ఉన్న రామప్ప చెరువుకు వెళ్లాలనుకుంటున్నాం. ఇటీవల వెళ్లినవారు చెప్పండి: మెట్లు ఎక్కకుండా, యాభై అడుగులకు మించి నడవకుండా, అమ్మ నీడలో కూర్చుని నీళ్లు చూడగలిగేంత దగ్గరగా చెరువు కట్ట వరకు కారు వెళ్తుందా?