అప్‌డేట్: రీస్టార్ట్ తర్వాత బిల్లింగ్ సర్వీసు స్టార్ట్ కావట్లేదు (పరిష్కారమైంది)

విండోస్ అప్‌డేట్ పడి సర్వర్ రీస్టార్ట్ అయ్యాక మా ఆఫీసు బిల్లింగ్ సర్వీసు (బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం సర్వర్‌లో వెనక నడిచే ప్రోగ్రామ్) ఎర్రర్ 1069తో, అంటే లాగిన్ కుదరక, ఆగిపోతోందని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఆ మూడు రోజులూ గోడౌన్‌లో కార్బన్ పేపర్ పెట్టి చేత్తో బిల్లులు రాశారు, టెన్షన్ అంతా ఇంతా కాదు.

"సర్వీసు ఎవరి అకౌంట్ మీద నడుస్తోందో సర్వీసు ప్రాపర్టీస్‌లోని లాగాన్ ట్యాబ్‌లో చూడండి" అన్న సలహాతోనే దారి దొరికింది. అక్కడ ఉన్నది రెండు నెలల క్రితం ఉద్యోగం మానేసిన మా పాత ఐటీ ఉద్యోగి సొంత అకౌంట్. సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఈవెంట్ (విఫలమైన లాగిన్ రికార్డు) తెరిస్తే, అకౌంట్ డిసేబుల్ అయిందని స్పష్టంగా ఉంది. అతను వెళ్లిన రోజే దాన్ని ఆపేశారు. అయినా అప్పటికే నడుస్తున్న సర్వీసు నడుస్తూనే ఉంది. రీస్టార్ట్ అయ్యాక సర్వీసు మళ్లీ లాగిన్ కావాల్సి రావడంతో సమస్య బయటపడింది. అందుకే మేమంతా అప్‌డేట్‌నే అనుమానించాం.

అప్‌డేట్ తీసేయడం, యాంటీవైరస్ ఆపడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, వీటిలో ఏదీ అవసరం లేకపోయింది.

ఈ సర్వీసు కోసమే వేరే అకౌంట్ పెట్టి, సర్వీసుగా లాగాన్ అయ్యే హక్కు ఇచ్చాం. సర్వీసు లేచింది కానీ బిల్లులు తెరుచుకోలేదు. డేటాబేస్‌లో కూడా కొత్త అకౌంట్‌కి అనుమతి ఇవ్వాలి, అది మర్చిపోకండి. మిగతా సర్వర్లు వెతికితే ఆ పాత ఉద్యోగి పేరు మీదే ఇంకో రెండు షెడ్యూల్ టాస్కులు (పెట్టిన టైముకి వాటంతటవే నడిచే పనులు) బయటపడ్డాయి. అందులో ఒకటి రాత్రి బ్యాకప్.