ఎమ్మెల్యే గారు బజారుకు వస్తున్నారు: వర్తక సంఘం తరఫున ఏమి అడగాలి?

ప్రశ్న: వర్తక సంఘం కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ. వచ్చే వారం ఎమ్మెల్యే గారు మెయిన్ బజారులో నడుచుకుంటూ దుకాణదారులతో మాట్లాడతారని కబురు వచ్చింది. అదే రోజు ఒక మిఠాయి దుకాణం ప్రారంభోత్సవం కూడా ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది.

మా ఇబ్బందులు ఇవి. మురుగు కాలువ కోసం తవ్విన గొయ్యి వానలకు ముందు నుంచి అలాగే ఉంది. ఎవరి గుమ్మం ముందు వారు చెక్క పలక వేసుకుని బేరాలు చేస్తున్నాం. కాస్త వయసు మీరినవారు ఆ పలక చూసి వెనక్కి తిరిగిపోతున్నారు. తోపుడు బండ్లు దుకాణాలకు అడ్డంగా నిలుస్తున్నాయి, వాటిని తీయించాలని సభ్యుల పట్టు. బ్యాంకుకు వెళ్తే తాకట్టు అడుగుతున్నారు. ఇనుప గ్రిల్స్ చేసే సభ్యుడికి మున్సిపాలిటీ నుంచి రావలసిన బిల్లు ఏడాది దాటినా రాలేదు.

పోయినసారి పద్నాలుగు కోరికలతో వినతిపత్రం ఇచ్చాం. సన్మానం శాలువాలతో పాటు అది కూడా కారు డిక్కీలోకి వెళ్లింది. మళ్లీ దాని ఊసు లేదు. ఈసారి ఎలా అడిగితే పని అవుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు: మాజీ కౌన్సిలర్

పద్నాలుగు కోరికలు రాశారంటేనే అది డిక్కీ కాగితం. అన్ని కోరికలున్న కాగితాన్ని పీఏ ఏ అధికారికి పంపాలి? సగం మున్సిపాలిటీవి, కొన్ని విద్యుత్ శాఖవి, ఒకటో రెండో పోలీసులవి అయి ఉంటాయి. ఎవరికీ పంపక పక్కన పెడతాడు. ఒక కాగితానికి ఒకే కోరిక, పైన ఒకే అధికారి పేరు ఉండాలి. నాలుగు పనులుంటే నాలుగు కాగితాలు.

ఆయన చేతిలో ఏముందో కూడా తెలుసుకుని అడగాలి. ఎమ్మెల్యే మీ కాంట్రాక్టరుకు చెక్కు రాయలేరు, బ్యాంకు చేత రుణం ఇప్పించలేరు, బండ్లు తీసేయమని ఆదేశం ఇవ్వలేరు. అయితే మున్సిపల్ కౌన్సిల్‌లో ఆయనకు పదవి రీత్యా సభ్యత్వం ఉంటుంది. మీ కాలువ సంగతి అజెండాలో పెట్టించి, సమావేశంలో కమిషనర్‌ను నిలబెట్టి అడగగలరు. మీ ఊళ్లో ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే సమీక్ష సమావేశంలో అడుగుతారు. ఆ అడగడానికి కావలసిన సరుకు మీరు ఆయన చేతికి ఇవ్వాలి.

కాలువ విషయంలో ఈ వారమే మున్సిపల్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) దగ్గరకు వెళ్లండి. ఒప్పందం ప్రకారం పని ఎప్పటికి పూర్తి కావాలి, జరిగిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎంత పని నమోదైంది, కాంట్రాక్టరుకు ఎంత చెల్లించారు అని అడగండి. ఆ గొయ్యి ఆయనకూ తలనొప్పే కాబట్టి చాలాసార్లు నోటిమాటగా చెప్పేస్తారు. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక ఈ పర్యటనకు అది అందదు, తరువాత వెంటపడటానికి పనికొస్తుంది.

కాగితం ఇలా ఉంటే చాలు:

"మెయిన్ బజారులో ఫలానా కూడలి నుంచి ఫలానా గుడి వరకు మురుగు కాలువ పని మధ్యలో ఆగిపోయింది. ఒప్పందం గడువు ఫలానా తేదీకి ముగిసింది. మిగిలిన పని ఏ తేదీకి పూర్తి చేస్తారో కాంట్రాక్టరు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలని, ఈలోపు ప్రతి దుకాణం ముందు సిమెంటు పలక వేయించాలని కమిషనర్ గారిని ఆదేశించవలసిందిగా కోరుతున్నాం."

"ప్రజల కష్టాలను గుర్తెరిగిన మహానుభావులు" వంటి వాక్యాలు సన్మాన పత్రంలో రాసుకోండి. కింద గొయ్యి ఫొటో ఒకటి అంటించండి. పలక మీదుగా ఎవరైనా దాటుతున్నప్పుడు తీసినదైతే మంచిది.

జవాబు: పన్నుల సలహాదారు

గ్రిల్స్ బిల్లు సంగతి నేను చెబుతాను. దానికి ఎమ్మెల్యే సిఫార్సు అవసరమే లేదు. ఆ సభ్యుడికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? పని అప్పగించే నాటికే అది ఉండి ఉంటే ఆయన దారి చాలా సులువు. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలు ఇచ్చిన సరుకుకు, చేసిన సేవకు 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ పడుతుంది. అదీ నెలనెలా చక్రవడ్డీ. కొన్నది మున్సిపాలిటీ అయినా ఇదే లెక్క. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే అది ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. ఫిర్యాదుకు ముందు వడ్డీ లెక్క కట్టి కమిషనర్‌కు ఒక నోటీసు పంపమనండి. ఆ అంకె చూసి అకౌంట్స్ విభాగం కదిలిన సందర్భాలు నాకు తెలుసు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆయన స్వయంగా తయారు చేసేవారు కాబట్టి ఈ రక్షణ వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు 2021 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నా, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. 45 రోజుల నిబంధన వారికి పనికిరాదు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. "ఎమ్మెల్యే గారి మనిషిని, చేయించి పెడతాను" అంటూ డబ్బు అడిగే వారిని గుమ్మం ఎక్కనివ్వకండి.

జవాబు: విశ్రాంత బ్యాంకు మేనేజరు

రుణాల మీద రెండు మాటలు. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద సిఫార్సు తెచ్చిన దరఖాస్తును బ్రాంచిలో ఎవరూ ఇష్టంగా చూడరు. "రేపు కట్టకపోతే ఈయన్ని అడగగలమా?" అనుకుంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ బల్ల వెనక కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఆ ఉత్తరం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

కిరాణా, బట్టల కొట్లకు చిన్న వ్యాపారుల కోసం ఉన్న కేంద్ర పథకం, ముద్ర రుణం సరిపోతుంది. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చేలా 2024 బడ్జెట్‌లో పెంచారు. వీటికి తాకట్టు అడగకూడదు. అడిగితే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. సాధారణంగా రాయరు, మాట మారుతుంది. కొత్తగా ఏదైనా యూనిట్ పెట్టేవారుంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఇప్పటికే నడుస్తున్న దుకాణానికి సాధారణంగా అది రాదు.

ఎమ్మెల్యే గారు నిజంగా ఉపయోగపడే చోటు వేరే ఉంది. మూడు నెలలకోసారి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి బ్యాంకర్ల సమీక్ష జరుగుతుంది. దానికి ఎంపీలను, ఎమ్మెల్యేలను పిలుస్తారు. ఎక్కువమంది రారు, వచ్చినా ఫొటో అయ్యాక లేచి వెళ్లిపోతారు. మీరు చేయవలసినది ఏమిటంటే, మీ బజారులో ముద్ర కోసం ఎవరు, ఏ బ్రాంచిలో, ఏ తేదీన దరఖాస్తు పెట్టారు, ఏమని తిరస్కరించారు అన్నది ఒక పట్టికగా రాసి ఆయనకు ఇవ్వడం. ఒక నకలు లీడ్ బ్యాంకు జిల్లా మేనేజరుకు పంపండి. ఒకే బ్రాంచి పేరు పట్టికలో పదే పదే కనిపిస్తే ఆ సమావేశంలో ఆ మేనేజరుకు చెమటలు పడతాయి.

జవాబు: బండి మీద ఫలహారాలు అమ్మేవారు

కార్యదర్శి గారూ, బండ్లు తీయించాలని అంత తేలిగ్గా రాశారు. మీ ఊరు కాదు గానీ నాదీ అలాంటి బజారే. పొద్దున ఆరు గంటలకు నా దగ్గర ఇడ్లీ తినడానికి వచ్చినవారే తరువాత కొట్లలోకి వెళ్తారు. పైగా బండి నిలిపినందుకు వెనక దుకాణం ఆయనకు రోజూ డబ్బు ఇస్తున్నాను. అడ్డం అనుకుంటే ఆ డబ్బు ఎందుకు తీసుకుంటారు? మీ బజారులో అలాంటిది లేదా అండీ?

కార్యదర్శి

అమ్మా, ఉంది. ఆ మాట సంఘం సమావేశంలో ఎవరూ ఎత్తరు.

జవాబు: మాజీ కౌన్సిలర్

ఆవిడ అడిగినది న్యాయం. చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వీధి వ్యాపారుల సర్వే పూర్తి చేసి వారికి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తరువాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎమ్మెల్యే గారు బజారులో నిలబడి "రేపటికల్లా ఇవి ఉండకూడదు" అంటే చప్పట్లు మోగుతాయి గానీ, రెండు రోజుల్లో బండ్లు మళ్లీ అక్కడే ఉంటాయి.

మీరు అడగవలసినది టౌన్ వెండింగ్ కమిటీ, అంటే ఆ చట్టం కింద వీధి వ్యాపారుల సంగతులు చూసే కమిటీ. కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్నవారు, అందులో మూడో వంతు మహిళలు ఉండాలి. చాలామంది గమనించనిది ఒకటుంది: వర్తక సంఘాలకు కూడా ఆ కమిటీలో చోటు ఇవ్వవచ్చని చట్టంలోనే రాసి ఉంది. మీ ఊళ్లో కమిటీ ఉందా, చివరిగా ఎప్పుడు కూర్చుంది, అందులో మీ సంఘానికి చోటు ఉందా అని ఒక కాగితం రాయండి. ఉదయం ఫలానా వేళ వరకు బండ్లు, తరువాత దుకాణాల సరుకు దింపుకోవడం అన్న ఏర్పాటు అక్కడ కూర్చుని తేల్చుకోవచ్చు. ఒక్కమాట, ఆ రోజు ఎమ్మెల్యే గారి దగ్గరకు బండ్లవారిలో ఇద్దరిని మీ వెంట తీసుకువెళ్లండి. రెండు వర్గాలు కలిసి అడిగిన పనికి ఏ నాయకుడూ వెనకాడడు, ఓట్లు రెండు వైపులా ఉంటాయి కదా.

జవాబు: ఇనుప సామాను కొట్టు

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ మా ఊళ్లో ఇలాంటి పర్యటన ముందు రోజు రాత్రంతా గడిచేది ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ ఎంత ఉండాలన్న పంచాయితీతోనే. పోయినసారి మా అధ్యక్షుడి బొమ్మ బొటనవేలంత వచ్చిందని ఆయన కార్యక్రమానికే రాలేదు. పైగా సన్మానానికి కొట్టుకింత అని చందా వేశారు. ఇవ్వకపోతే ఫలానా పార్టీవాడు అని ముద్ర. దీనికేమిటి మార్గం?

జవాబు: పన్నుల సలహాదారు

సన్మానం ఖర్చు సంఘం ఖాతాలోంచి, తీర్మానం రాసి పెట్టండి. విడివిడి వసూళ్లు వద్దు. ఎవరైనా పార్టీకి విరాళం అడిగితే చెక్కు ఇచ్చి పార్టీ రసీదు తీసుకోండి. రెండు వేలకు మించి నగదు తీసుకుంటే పార్టీ తన పన్ను మినహాయింపునే పోగొట్టుకుంటుంది. నగదుగా ఇచ్చినదానికి మీకూ మినహాయింపు రాదు. ఫలానా పార్టీ అన్న ముద్ర పడుతుందని భయం ఉంటే ఇవే వినతుల నకళ్లు ఎంపీ గారికి, ప్రతిపక్ష నాయకులకు కూడా బాహాటంగా ఇవ్వండి.

ఎంపీ గారి దగ్గరకు వెళ్తే వర్తక సంఘానికి భవనం కట్టించమని అడగకండి. ఏటా 5 కోట్ల ఎంపీ నిధులు ప్రజలందరికీ పనికొచ్చే శాశ్వత ఆస్తులకే. వాణిజ్య సంస్థల పనులకు అవి చెల్లవు. బజారుకు వచ్చే ఆడవారికి మరుగుదొడ్డి అడగండి. వ్యాపారానికి దాని కంటే మేలు చేసేది లేదు. మధ్యాహ్నం దాకా ఊళ్లో ఉండలేక చీర బేరం సగంలో వదిలి బస్సెక్కే పల్లెటూరి ఆడవారి సంగతి బట్టల కొట్టు యజమానులను అడిగితే చెబుతారు.

కార్యదర్శి

చాలా సంతోషం. నాలుగు కాగితాలు ఇలా అనుకున్నాం: కాలువ, వెండింగ్ కమిటీ, రుణాల పట్టిక, మరుగుదొడ్డి. బిల్లు విషయం సభ్యుడు నేరుగా నోటీసు ఇస్తారు, ఉద్యమ్ ఆయనకు 2022 నుంచే ఉంది. బండ్లవారిలో ఇద్దరు వస్తామన్నారు. మిఠాయి దుకాణం దగ్గర ఇస్తే బాగుంటుందా, నడకలో ఇవ్వాలా?

జవాబు: మాజీ కౌన్సిలర్

దుకాణం దగ్గర వద్దు. రిబ్బను, లడ్డూ, ఫొటోగ్రాఫరు, ఆ గందరగోళంలో కాగితం ఎవరి చేతిలో ఉందో తెలియదు. గొయ్యి దగ్గర ఆపండి. పలక దాటి అవతలికి రమ్మని మర్యాదగా పిలవండి. కమిషనర్ పక్కనే ఉండేలా చూసుకుని, కాలువ కాగితం అక్కడే చదివి వినిపించండి. ఒక్క నిమిషం చాలు.

ప్రతి కాగితానికి మూడు ప్రతులు తీయండి. ఒకటి ఆయనకు. రెండోది మరునాడు మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే తపాలా విభాగంలో ఇచ్చి, మూడో దాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. రుణాల పట్టికను మాత్రం కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదుల స్వీకరణలో ఇవ్వండి. పది రోజుల తరువాత ఆ నంబర్లతో పీఏకు ఫోను చేయండి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే కొత్త పనుల మంజూరు ఆగిపోతుంది కనుక మరుగుదొడ్డి కాగితాన్ని ఆలస్యం చేయకండి. కాలువ ఇప్పటికే మొదలైన పని, దానికి కోడ్ అడ్డు రాదు. ఎవరైనా ఆ సాకు చెబితే ఒప్పుకోకండి.

బండి మీద ఫలహారాలు అమ్మేవారు

నాకు ధ్రువపత్రం లేదండీ. సర్వేలో పేరు లేదన్నారు. ఏమి చేయాలి?

జవాబు: విశ్రాంత బ్యాంకు మేనేజరు

మీ మున్సిపాలిటీలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) విభాగానికి వెళ్లండి అమ్మా. డ్వాక్రా సంఘంలో ఉంటే మీ సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌ను (ఆర్పీ) వెంటబెట్టుకు వెళ్లండి. సర్వేలో పేరు లేకపోయినా మున్సిపాలిటీ సిఫార్సు లేఖ ఇస్తే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన స్వనిధి రుణానికి దరఖాస్తు పెట్టవచ్చు. మొదటి విడత ఇప్పుడు 15 వేలు, తీరిస్తే 25 వేలు, ఆ తరువాత 50 వేలు. వేళకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలో పడుతుంది. ఆధార్, బ్యాంకు పుస్తకం, బండి దగ్గర మీరు నిలబడి ఉన్న ఫొటో తీసుకువెళ్లండి. ధ్రువపత్రం కోసం వేరే దరఖాస్తు అక్కడే రాసిచ్చి, దాని మీద కూడా ముద్ర వేయించుకోవడం మరవకండి.