అమ్మతో డిగ్లీపూర్ వెళ్లాలి, రోడ్డు మీదా ఓడలోనా?

అందరికీ నమస్కారం. జనవరి నెలాఖరులో అండమాన్ వెళ్తున్నాం, నేనూ అమ్మా ఇద్దరమే. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి, గంటన్నర కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి. హేవ్‌లాక్ దీవి లాంటివి ఆవిడకు అక్కర్లేదు, ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ దగ్గర కాలిపూర్ బీచ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడాలట. శ్రీకాకుళం తీరంలో పెరిగిన మనిషి, చిన్నప్పుడు తెల్లవారుజామున ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడలా తాబేలు పాకిన గుర్తులు చూసేదాన్నని ఇప్పటికీ చెబుతుంది. అందుకే ఈ ప్రయాణం నాకు చాలా ముఖ్యం.

శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ కాన్వాయ్‌గా బయల్దేరాలి, జరావా ఆదివాసుల అడవి దాటేదాకా ఎక్కడా ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు. ఆ నియమం సరైనదే, కానీ మధ్యలో అమ్మకు బాత్రూం అవసరమైతే ఎలా అని నా టెన్షన్. దారిలో బారాటాంగ్‌లోనో రంగత్‌లోనో ఒక రాత్రి ఆగితే మేలా? లేక ప్రభుత్వ ఓడలోనే వెళ్లాలా, అందులో పడుకునే వీలుంటుందా?

ఇంకొకటి, డిగ్లీపూర్ దగ్గరున్న రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుక దారి పోటు తగ్గినప్పుడే పైకి తేలుతుంది కదా, పడవ దిగేటప్పుడు నీళ్లలో ఎంతవరకు నడవాలి? అక్కడి 732 మీటర్ల శాడిల్ పీక్ కొండ మాత్రం ఎక్కం, కింద నుంచి చూస్తే చాలు.

పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు, అక్కడే ఉంటున్న మన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. టికెట్లు ఈ వారమే తీయాలి.