సువోన్‌కి వస్తున్నాం, పాప స్కూల్ గురించి చెప్పండి

అందరికీ నమస్కారం. మావారికి దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో అనంతపురం నుంచి వస్తున్నాం. పాప 2017లో పుట్టింది, మూడో తరగతి అయిపోయింది. అక్కడ ఏ తరగతిలో చేర్చుకుంటారు?

సువోన్ పాతకాపు: ముందు ఇల్లు చూసుకోండి చెల్లెమ్మా. ప్రభుత్వ ప్రైమరీ స్కూల్‌ను మనం ఎంచుకోలేం, అడ్రస్‌ని బట్టి వస్తుంది. స్కూల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. మేం వచ్చినప్పుడు స్కూల్ ఆఫీసులో రెసిడెన్స్ కార్డు తెస్తేనే చేర్చుకుంటామన్నారు. ఇమిగ్రేషన్ అపాయింట్‌మెంట్ ఎంతకీ దొరకలేదు. తీరా కార్డు తీసుకెళ్తే, ఇండియా స్కూల్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, ఏదన్నారు. కర్నూల్లో మా నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. బాబు అన్నాళ్లూ ఇంట్లోనే కూర్చున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. అపోస్టిల్ అక్కడే చేయించుకుని రండి.

డేజన్ నుంచి: అన్నా, కార్డు లేకపోయినా అద్దె అగ్రిమెంట్‌తో అడ్రస్ చూపిస్తే చేర్చుకోవాలని రూల్ ఉంది. జిల్లా విద్యా కార్యాలయానికి వెళ్లాల్సింది. పాప సంగతికొస్తే, పుట్టిన సంవత్సరానికి ఏడు కలిపితే ఒకటో తరగతి సంవత్సరం వస్తుంది. 2017 పిల్లలు 2024 మార్చిలో చేరారు, అంటే ఈ ఏడాది మూడో తరగతి. ఇక్కడ చదువు మార్చిలో మొదలవుతుంది కాబట్టి మధ్యలో చేరుతుంది. ప్రైమరీ ఆరేళ్లు, మిడిల్ మూడు, హైస్కూల్ మూడు. మొదటి తొమ్మిదేళ్లు నిర్బంధం. మళ్లీ మూడో తరగతేనా అని బెంగ వద్దు, భాష పట్టుబడటానికి ఆ టైమ్ కావాలి.

సువోన్ పాతకాపు: రూల్ ఉంటే సరిపోదు తమ్ముడూ, కౌంటర్లో ఉన్నవాళ్లకి తెలియాలి.

ఇంచన్ నుంచి: నాలుగైదేళ్లలో తిరిగి వెళ్లేవాళ్లయితే ఇంటర్నేషనల్ స్కూలే నయం. ప్రభుత్వ స్కూల్లో ఇంగ్లిష్ మూడో తరగతిలో మొదలు, అదీ వారానికి రెండు పీరియడ్లు. చుట్టూ పిల్లలంతా హాగ్వాన్‌కి, అంటే ట్యూషన్ సెంటర్లకి పోతారు. సియోల్లో రాత్రి పదికి మూసేయాలని రూల్ పెట్టాల్సి వచ్చిందంటే చూడండి.

డేజన్ నుంచి: ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజు కంపెనీ కడితేనే మాట్లాడండి అక్కా. నవంబర్‌లో సునుంగ్, అంటే కాలేజీ ప్రవేశ పరీక్ష రోజు ఇంగ్లిష్ లిజనింగ్ టైమ్‌లో విమానాలు కూడా ఆపేస్తారు, నిజమే. ఆ ఒత్తిడి హైస్కూల్ పిల్లలది. తొమ్మిదేళ్ల పాపని దానికి భయపడి ప్రభుత్వ స్కూల్‌కి దూరం పెట్టకండి. మా అమ్మాయికి స్నేహితులు దొరికింది వీధి చివరి స్కూల్లోనే.

ఇంచన్ నుంచి: స్నేహితులు సరే, తిరిగి వెళ్లాక తెలుగు, హిందీ ఎవరు నేర్పుతారు?

సువోన్ పాతకాపు: తెలుగు ఇంట్లో మనమే నేర్పాలి. చెల్లెమ్మా, పాప శాకాహారి అయితే చేరిన రోజే టీచర్‌కి రాసివ్వండి. మధ్యాహ్నం భోజనం ఉచితమే, కానీ కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడిలో కూడా మామూలుగా చేపల సాస్ ఉంటుంది.